నాలుగో లంకలో మూట

ఏజెంట్ త్రిపుర గదిలోకి అడుగుపెట్టేసరికి బాస్ కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. బాస్ నిలబడి ఉన్నాడు.

"లేవనంటోంది" అన్నాడు రాధాకృష్ణమూర్తి నెమ్మదిగా. పాతికేళ్ల సర్వీసులో ముగ్గురు విదేశీ గూఢచారులను ఒంటిచేత్తో పట్టుకున్న మనిషి ఆయన.

గుంటూరు అరండల్‌పేటలో ఓ మేడమీద, టైప్ ఇన్‌స్టిట్యూట్ వెనక ఉన్న గది అది. బయట ఇరవై మెషీన్లు టకటకలాడుతుంటే లోపల ఎవరేం మాట్లాడినా బయటికి వినపడదు. గూఢచారి శాఖ ఆఫీసుకి అంతకంటే మంచి చోటు దొరకదు. త్రిపుర పూర్తి పేరు బాలత్రిపురసుందరి. మార్టూరు బడిపంతులుగారి అమ్మాయి. వయసు ముప్పై రెండు. శాఖలో నంబరు పందొమ్మిది.

"అసైన్‌మెంట్?" అంది.

"పత్తి గింజలు."

"పోయినసారి రాడార్ బ్లూప్రింట్ ఇచ్చారు సార్. నా గ్రేడు తగ్గిందా?"

"రాడార్ పోతే ఇంకోటి కొనుక్కుంటాం. ఇది పోతే ఇక జీవితాంతం కొనుక్కుంటూనే ఉండాలి. కూర్చో."

కూర్చోడానికి కుర్చీ లేదు. నిలబడే వింది.

రెండేళ్ల కిందట తెల్లదోమ పడి పర్చూరు నుంచి ప్రత్తిపాడు దాకా పత్తి చేలన్నీ మసిబారిపోయాయి. ఎన్ని మందులు కొట్టినా దోమ చావలేదు. ఈ ముసలావిడ, పేరమ్మ, రెండెకరాల చేలో ఒకే ఒక్క మొక్క మాత్రం దోమను లెక్కచేయకుండా నిండా కాయలు కాసింది. సైంటిస్టు రామమూర్తి ఆ గింజల్ని తన పెరట్లో పెంచి రెండు కిలోలు చేశాడు. మూడు రోజుల కిందట ఆయన ఇంట్లో దొంగలు పడి గింజల డబ్బా, నోట్‌బుక్కు ఎత్తుకుపోయారు.

"ఎవరు?"

"ఆర్కిడ్ రింగ్. పైకి విదేశీ విత్తనాల కంపెనీ. గింజ వాళ్ల చేతికి చిక్కితే తమదని రాయించుకుంటారు. మన గింజ మనకే అమ్ముతారు." బాస్ ఒక ఫోటో తోశాడు. ఎర్రటి మొహం, తెల్ల టోపీ. "హార్ట్‌మన్. రేపు పొద్దున తాడేపల్లి రేవులో స్పీడ్‌బోట్ ఎక్కుతున్నాడు. నాలుగు లంకల విహారం, డే ట్రిప్. డబ్బా అక్కడే చేతులు మారుతుంది. ఎవరు తెస్తారో తెలియదు. ఆ టూర్స్ కంపెనీలో మన మనిషి ఉంది. నువ్వు 'లంకలో నేరేళ్లు పండాయా' అనాలి. 'ఈ ఏడు చీడ పట్టింది' అని జవాబొస్తుంది."

"తర్వాత?"

"ఫోటోలు తియ్. అంతే. హార్ట్‌మన్ ప్రభుత్వ అతిథి. ముట్టుకోవద్దని పైనుంచి ఆర్డరు."

"చూసి ఊరుకోవడానికి నేనెందుకు సార్? గట్టుమీద గేదెలున్నాయిగా."

కుర్చీలోంచి మెచ్చుకోలుగా చప్పట్లు వినిపించాయి.

"అట్టా అడుగు తల్లీ" అంది పేరమ్మ. "నేనూ వస్తా. నా గింజ ఎత్తుకుపోయినోడి మొహం నేను చూడాల."

"సివిలియన్లు రాకూడదమ్మా" అన్నాడు బాస్.

"రాకూడదా? గింజ రామమూర్తిగారింట్లో ఉందని మీ ఆఫీసోళ్లకి తప్ప ఇంకెవురికి తెలుసయ్యా? దొంగకెట్టా తెలిసింది?"

బాస్ దగ్గాడు. బయట ఇరవై మెషీన్లు గట్టిగా కొట్టుకున్నాయి. మర్నాడు పేరమ్మ బోటెక్కింది.

ఒట్టిచేతుల్తో ఎక్కలేదు. చంకలో ఓ గోనె మూట. రేవంతా గుప్పుమంది.

"మేకపెంట" అంది పేరమ్మ, ఎవరూ అడక్కముందే. "మిరపనారుకి. తిరుగుబస్సులో చేనికి పోవాల."

త్రిపుర కళ్లు మూసుకుంది. జడ క్లిప్పులో కెమెరా, హ్యాండ్‌బ్యాగులో పౌడరు డబ్బా, డబ్బా అడుగున జపాన్ వైర్‌లెస్ సెట్టు, నేతచీరలో సెలవుల విహారానికొచ్చిన లెక్చరరు వేషం. అంతా ప్లాన్ ప్రకారమే. పక్కన మేకపెంటతో పెద్దమ్మ మాత్రం ఏ ప్లాన్‌లోనూ లేదు.

బోటులో మొత్తం అయిదుగురు. డ్రైవరు సిలార్, కృష్ణలోనే ఈత నేర్చి కృష్ణలోనే మీసం మొలిపించుకున్న తాడేపల్లి వాడు. హార్ట్‌మన్, ముక్కుకి కర్చీఫుతో. త్రిపుర, పేరమ్మ. ఇక గైడు, చేతుల్లేని జాకెట్టు, నల్ల కళ్లద్దాలు, గాలికి ఎగిరే జుట్టు. పేరు జీనా అంది. ఆమె నవ్వితే సిలార్ స్టీరింగు మర్చిపోతున్నాడు.

"లంకలో నేరేళ్లు పండాయా?" అంది త్రిపుర, నీళ్లకేసి చూస్తూ.

"ఈ ఏడు చీడ పట్టింది మేడమ్" అంది జీనా, ఐస్‌బాక్సు సర్దుతూ. తర్వాత గొంతు తగ్గించి, "డబ్బా దారిలోనే నా చేతికొచ్చింది. ఐసు కింద ఉంది. నాలుగో లంకలో మీకిస్తాను. అందాకా టూరిస్టులా నవ్వండి."

త్రిపుర ఊపిరి తేలికైంది. నవ్వడం ఆమెకి కష్టమైన పనేగానీ నవ్వింది.

స్పీడ్‌బోట్ ముక్కు పైకెత్తి దూసుకుపోయింది. మొదటి లంకలో జామతోట చూశారు. రెండో లంకలో ఇసుక మీద గొడుగులు, కూల్‌డ్రింకులు. మూడో లంకలో భోజనాలు. పేరమ్మ టిఫిన్ క్యారియర్ విప్పి గోంగూర కలిపిన అన్నం ముద్ద హార్ట్‌మన్ ఆకులో వేసింది. వద్దనడం మర్యాద కాదని తిన్నాడు. తర్వాత పావుగంట అతను నీళ్లు తాగుతూనే ఉన్నాడు. మూట మాత్రం ఆమె ఏ లంకలోనూ బోటులో వదల్లేదు. దిగినప్పుడల్లా చంకలో పెట్టుకునే దిగింది.

"ఎవరెత్తుకుపోతారు పెద్దమ్మా దాన్ని?" అంది త్రిపుర విసుగ్గా.

"ఎత్తుకుపోరనేగా నా ధైర్యం" అంది పేరమ్మ.

నాలుగో లంకలో మనుషులు లేరు. ఇసుక, రెల్లు, ఒక విరిగిన పడవ. జీనా ఐస్‌బాక్సులోంచి రేకు డబ్బా తీసింది. త్రిపుర చెయ్యి చాపింది. జీనా రెండో చేతిలో పిస్టలు ఉంది.

"సారీ నంబర్ నైన్‌టీన్."

"నిన్నటిదాకా మా మనిషివేనా, మొదట్నుంచీ వాళ్ల మనిషివా?"

"రెండేళ్లుగా వాళ్లకే." జీనా కళ్లద్దాలు తీసింది. "నా పేరు జ్ఞానప్రసూనాంబ. చీరాలలో మగ్గం గోతిలో కాళ్లు పెట్టుకుని పదహారేళ్లు బతికాను. ఇక ఏ గోతిలోనూ దిగను. మీ శాఖ జీతంతో అసలే దిగను."

త్రిపుర చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. 

హార్ట్‌మన్ డబ్బా మూత తీశాడు. భూతద్దం పెట్టి ఒక గింజ చూశాడు. రామమూర్తి నోట్‌బుక్కు తీసి చదివాడు. మళ్లీ చూశాడు. గోంగూరకి కూడా అంత ఎర్రబడలేదు ఆ మొహం.

"గింజ మీద నూగు ఆకుపచ్చ అని రాసుంది" అని అరిచాడు ఇంగ్లీషులో. "ఇవి తెల్లగా ఉన్నాయి! మూర్ఖురాలా, ఏం తెచ్చావు?"

పేరమ్మకి ఇంగ్లీషు రాదు. మొహాలు చదవడం వచ్చు. ఇసుక మీద కూలబడి పగలబడి నవ్వింది.

"ఒరేయ్ తెల్లోడా! అయి రామమూర్తిగారి గేదె తినే గింజలురా! గింజ ఎత్తుకుపోవాలని వచ్చారేగానీ, జూన్ నెలలో విత్తే ముందు గింజ ఏ ఏషంలో ఉంటదో తెలవదా మీకు? నా గింజ ఈపాటికి ఎప్పుడో..."

ఆగిపోయింది. నోరు మూసుకుంది. అరవై ఏళ్లలో మొదటిసారి అనుకుంటాను.

ఆ ఒక్క క్షణంలో త్రిపురకి చిన్నప్పటి మార్టూరు గుర్తొచ్చింది. పత్తి గింజకి నూగుంటుంది. విత్తేటప్పుడు ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకే ప్రతి ఇంటి వాకిట్లోనూ ఆడవాళ్లు పేడ, బూడిద కలిపి గింజల్ని రుద్ది నీడన ఆరబెట్టేవారు. ఆరాక ఒక్కో గింజా నల్లగా, గుండ్రంగా, అచ్చం మేకపెంటికలా ఉండేది.

పేరమ్మ ఒళ్లో గోనె మూట. రెండు కిలోలు. దేశం మొత్తానికి అవే.

జీనాకి ఏమీ వెలగలేదు. ఆమె నేతగాళ్లింటి పిల్ల. నూలు సన్నం ఎంతో, ఏ నంబరో చీకట్లో తడిమి చెప్పగలదు. ఆమెకి పత్తి అంటే నూలుతో మొదలు. గింజ మొహం ఎన్నడూ ఎరగదు.

"ముసల్దానికి తెలుసు" అంది జీనా. "అవతలి ఒడ్డున కారుంది. తీసుకెళ్దాం. రాత్రికి అదే చెబుతుంది."

"నేను చెప్పను" అంది పేరమ్మ లేచి కొంగు దోపుకుంటూ. "తెల్లదోమకే లొంగలేదు నేను. నువ్వెంత?"

పిస్టలు చూపించి అందరినీ బోటెక్కించారు. ముక్కు ఇసుకలో, తోక లోతు నీళ్లలో ఉంది. సిలార్ ఇంజను స్టార్ట్ చేశాడు. అతని దవడ బిగుసుకుపోయి ఉంది. హార్ట్‌మన్ మళ్లీ కర్చీఫు తీసి ముక్కుకి పెట్టుకుని పేరమ్మ పక్కనున్న మూటని కాలితో తన్నాడు.

"ముందు ఈ కంపు నీళ్లలో పారెయ్."

జీనా మూట మెడ పట్టుకుని ఎత్తి, బోటు అంచు మీద కాలు పెట్టింది. కింద కృష్ణ లోతుగా పారుతోంది. పేడ నీళ్లలో పడితే నిమిషంలో కరుగుతుంది, గింజ ఏ బ్యారేజీ దగ్గరో తేలుతుంది. అరిస్తే మూటలో ఏముందో చెప్పినట్టే. ఊరుకుంటే పోయినట్టే. పేరమ్మ అరవలేదు. కళ్లల్లోంచి నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి. అది చూసి త్రిపుర హ్యాండ్‌బ్యాగు తెరిచింది. చూసి ఊరుకోమన్నారట! ఆ ఆర్డరు ఇచ్చినవాడెవడో వచ్చి ఈ కళ్లలోకి చూడమను.

"ఆగు జీనా! ఓడిపోయాం. గింజలు నా దగ్గరున్నాయి." హ్యాండ్‌బ్యాగులోంచి పౌడరు డబ్బా తీసింది. అదే మాట హార్ట్‌మన్‌కి ఇంగ్లీషులో చెప్పింది. "రెండు కిలోల్లో మంచివి ఏరి ఇందులో దాచారు. మాకు దక్కనిది నీకూ దక్కదు!"

అంటూనే డబ్బాని అతని తల మీదుగా నీళ్లలోకి విసిరింది.

హార్ట్‌మన్ ఆలోచించలేదు. రెండు చేతులూ చాపి దానికోసం ఎగిరాడు. అంత మనిషీ ఒక్కసారి అంచు మీద పడి నీళ్లలోకి జారేసరికి బోటు ఒరిగింది. జీనా తూలింది. ఒక చేతిలో పిస్టలు, ఒక చేతిలో మూట. అంచు పట్టుకోవాలంటే ఒకటి వదలాలి. గూఢచారి శిక్షణలో పిస్టలు వదలొద్దని చెబుతారు.

మూట వదిలేసింది.

పేరమ్మ నడుముదాకా బయటికి వాలింది. మూట అడుగు నీళ్లని తాకింది. అదే క్షణంలో గోనె మెడ ఆమె పిడికిట్లో పడింది. మిరపకాయలు కోసి కోసి, పత్తి తీసి తీసి బిగిసిన పిడికిలి అది. ఊడలేదు. త్రిపుర ఒక చేత్తో ఆవిడ నడుం పట్టుకుంది, రెండో చేత్తో జీనా మణికట్టు మీద కొట్టింది. పిస్టలు నీళ్లలో పడింది.

"గట్టిగా పట్టుకోండమ్మా!" అని అరిచి సిలార్ బోటుని ఒక్కసారిగా వెనక్కి లాగాడు. జీనా పాపం నీళ్లలో అందంగానే పడింది.

లంకవైపు కొట్టుకొచ్చి నడుంలోతు నీళ్లలో నిలబడి హార్ట్‌మన్ పౌడరు డబ్బా మూత తీశాడు. పౌడరు బుస్సుమని లేచి మొహమంతా పట్టింది. త్రిపుర జడ క్లిప్పు నొక్కింది. క్లిక్. ఫోటోలు తియ్యమన్నారు కదా, తీసింది.

"ఏరా సిలారూ, వాళ్లనట్టా వదిలేస్తే ఎట్టా?" అంది పేరమ్మ, మూట ఒళ్లో పెట్టుకుని అడుగు తడిమి చూస్తూ.

"తిండికి లోటులేదు పేరమ్మా. ఇసుకలో వదిలేసిన రేకు డబ్బా నిండా గేదె దాణా ఉందిగా" అన్నాడు సిలార్.

రేవులో దిగీదిగగానే త్రిపుర ఫోన్ చేసింది. "హార్ట్‌మన్‌ని మేం ముట్టుకోలేదు సార్. లంకలో కూర్చుని ఉన్నాడు, మన జీనాతో. పడవ పంపితే వస్తాడు."

"గింజలు?"

"మొదట్నుంచీ పేరమ్మ దగ్గరే ఉన్నాయి. దొంగలు పడకముందే విత్తడానికి తెచ్చుకుని, డబ్బాలో గేదె దాణా పోసిందట."

టకటకల మధ్య బాస్ గొంతు హెచ్చింది. "ఆవిడ మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు బాస్.

పేరమ్మ ఫోన్ లాక్కుంది. "చెబితే బీరువాలో పెడతారు. బీరువాలో పెట్టిందాన్నేగా దొంగలెత్తుకుపోయేది! ఆ కబుర్లు తర్వాత. మూట అడుగున నాలుగు గుప్పిళ్లు తడిసినై. తడిసిన గింజ ఆగదు. రేపు పొద్దున్నే ఎయ్యాల. ఈ పిల్లని పంపుతావా, లేదా?"

పంపకపోయినా త్రిపుర వెళ్లేది.

మర్నాడు పొద్దున రాధాకృష్ణమూర్తి మెమో పట్టుకుని పర్చూరు దగ్గర చేనికి జీపులో వచ్చాడు. ఆర్డరు ధిక్కరించినందుకు, జపాన్ వైర్‌లెస్ సెట్టు నదిలో పారేసినందుకు సంజాయిషీ. త్రిపుర చీర ఎగ్గట్టి నాగలిసాలు వెంబడి ఒక్కో గింజా వదులుతోంది. ముందు పేరమ్మ నడుస్తూ, "దగ్గిరగా ఎయ్యొద్దు, ఊపిరాడాల" అని కేకలేస్తోంది.

"సంతకం పెట్టు" అన్నాడు బాస్.

"చేతులు ఖాళీ లేవు సార్." త్రిపుర బొటనవేలు మెమో మీద నొక్కి మళ్లీ సాలు పట్టింది.

పేడ వేలిముద్రతో ఆ మెమో ఇప్పటికీ 'టాప్ సీక్రెట్' అనే ముద్ర కింద శాఖ బీరువాలో భద్రంగా ఉంది. గింజలు మాత్రం లేవు. అవి చుట్టుపక్కల ఏడూళ్ల చేలల్లో, ఎవరి ఆర్డరూ లేకుండా, పూత మీదున్నాయి.