చట్టం చదివిన పంపు

ఓడ పరాయి దేశపు జలాల్లోకి రాగానే ఝాన్సీ చేతికి కట్టిన మందు పంపు మీద ఆకుపచ్చ దీపం పసుపురంగులోకి మారింది. పిల్ల నిద్రపోతోంది. తల్లి పైడమ్మ ఆ దీపాన్ని పామును చూసినట్టు చూసింది.

ఝాన్సీది మామూలు మందులకు లొంగని మూర్ఛ. గంజాయి మొక్క నుంచి తీసిన మందొక్కటే దాన్ని అదుపులో ఉంచుతోంది. ఆ మందుకు ఒక దేశంలో డాక్టరు చీటీ చాలు. ఇంకో దేశంలో మత్తెక్కించే భాగం తీసేస్తేనే అనుమతి. మరో దేశంలో చుక్క దొరికినా జైలే. అందుకని డాక్టర్ మందాకిని ఈ పంపు తయారుచేసింది. అన్ని దేశాల చట్టాలూ దాని చిప్‌లో ఉన్నాయి. శాటిలైట్ ద్వారా తానెక్కడుందో తెలుసుకుని, అక్కడి చట్టం ఒప్పుకున్నంత మందే ఒంట్లోకి వదులుతుంది. మందు తగ్గించినప్పుడు పసుపుదీపం వెలుగుతుంది. ఎవరైనా మూత పెకలిస్తే అక్కడి ప్రభుత్వానికి కబురు చేస్తుంది. దాన్ని పరీక్షించడానికే ఆమెతో కలిసి ఈ ప్రయాణం. రానంటే మందు ఆపేస్తామని ఆ మందూ పంపూ చేసే కంపెనీవాళ్లు చెప్పబట్టే పైడమ్మ ఓడెక్కింది.

"ఇక రోగులు పోలీసులకు భయపడక్కర్లేదు పైడమ్మగారూ," అంది మందాకిని.

"పోలీసుని పిల్ల చేతికే కట్టీసినావు గదా, ఇంకా భయమేటి," అంది పైడమ్మ.

మందాకిని నవ్వింది. పైడమ్మ నవ్వలేదు.

మర్నాడు ఇంజిను చెడి ఓడ ఒక పగడపు దిబ్బ దగ్గర ఆగిపోయింది. మూడు దేశాలు నాదంటే నాదని తగువులాడుకునే దిబ్బ అది. అక్కడ మనిషి లేడు, పోలీసు లేడు. పంపు మీద మాత్రం ఎర్రదీపం వెలిగింది, మందు ఆగిపోయింది. చట్టాలు ఒకదానికొకటి అడ్డం వస్తే అన్నిటికన్నా కఠినమైనదాన్నే పాటించాలని దానికి నేర్పింది మందాకినే. తన యంత్రం ఎవరిచేతా మాట పడకూడదనుకుంది. ఎవరి మాట కోసమో పిల్ల ప్రాణం పణంగా పెడుతున్నానని అప్పుడు తట్టలేదు.

సాయంత్రానికి ఝాన్సీకి మూర్ఛ వచ్చింది. ఎంతకీ తగ్గలేదు. మందాకిని కంపెనీకి ఫోన్ చేసి, మూత తెరవడానికి అనుమతి అడిగింది. లాయర్లను కనుక్కుని చెప్తామన్నారు వాళ్లు. ఆమె ఫోను పట్టుకుని అలాగే నిలబడింది.

పైడమ్మ ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టింది.

"పిల్ల నాది. వాళ్లనడుగుతావేటి? తియ్యి."

మందాకిని స్క్రూడ్రైవరుతో మూత పెకలించి, లోపలి మందును చేత్తో నొక్కింది. మందు దిగింది. పిల్ల ఒళ్లు మెల్లగా సడలి, ఊపిరి కుదుటపడింది. అప్పటికే పంపు మూడు రాజధానులకూ కబురు పంపేసింది.

ఇంజిను బాగయ్యాక ఓడ చేరిన నాలుగో దేశపు రేవులో ఆ మందును జ్వరం బిళ్లల్లా కొట్లలో అమ్ముతారు. అయినా మందాకినిని అక్కడే ఒక గదిలో పట్టి ఉంచారు. ఆమెను తమకే అప్పగించాలని మూడు దేశాలూ పట్టుబట్టాయి. ఆమెను ఎవరు శిక్షిస్తే ఆ సముద్రం వాళ్లదని రుజువవుతుంది మరి. ముగ్గురు లాయర్లు వచ్చి, నేరం తమ నీళ్లలోనే జరిగిందని పైడమ్మను సంతకం పెట్టమన్నారు.

"మీ నీళ్లే అయితే, నా పిల్ల గిలగిల్లాడతంటే మీ డాక్టరు ఏడీ?" అని అడిగింది పైడమ్మ.

ముగ్గురూ కాయితాలు సర్దుకుని వెళ్లిపోయారు. ఝాన్సీ ఇంటికి చేరింది. మందాకిని మాత్రం ఆ గదిలోనే ఉంది. ఈలోగా మూడు ప్రభుత్వాలూ వేలకొద్దీ పంపులకు ఆర్డరిచ్చాయి. నడిసముద్రంలో తమ ఏలుబడిని ఒప్పుకున్నది అదొక్కటేనట. రోగులకు కట్టడానికి కాదు, ఆ దిబ్బ చుట్టూ తేలే డ్రమ్ములకు కట్టడానికి.