చిల్లతోపులో కోటిరత్నం

వినుకొండ అవతల మిరపచేల మధ్య ఓ కుంట ఉంది. దాని గట్టున చిల్లతోపు, అంతా ముళ్లతుమ్మలే. పొద్దుగూకితే అటు ఎవరూ వెళ్లరు. పగలంతా మీసాలు మెలేసే మగాళ్లు కూడా ఆ వేళకి చెంబు పట్టుకుని రెండో దిక్కుకే నడుస్తారు. ఎందుకంటే — మిరపకోతలప్పుడు పోయిన కోటిరత్నం అక్కణ్ణుంచి పిలుస్తుందట... గొంతు ఆవిడదేనని ఒట్టేసి మరీ చెబుతారు.

సైన్సు టీచరు సఫూరాకి మాత్రం వెళ్లక తప్పలేదు.

"తోపులో దోమలు తప్ప ఏమున్నాయ్? చెట్లు కొట్టించేద్దాం" అన్నారు ఊరి పెద్దలు.

"నక్కలున్నాయి" అంది సఫూరా.

"అయితే రేపటికల్లా ఫొటో తే. తోపు జోలికి రాం."

ఎలాగూ వెళ్లదులే అని వాళ్ల ధీమా.

కెమెరా మెళ్లో వేసుకుని సాయంత్రం గట్టెక్కింది. కొంగలు గూళ్లు చేరుతున్నాయి. తీతువు పిట్ట ఒకటి తిట్టిపోస్తూ లేచింది. బురదలో... నక్క అడుగులు! తడైనా ఆరలేదు.

వాటి వెంటే తోపులోకి దూరింది. వెలుగు మసకేసింది. చిల్లముల్లు చున్నీ పట్టి లాగింది. అప్పుడు —

"ఏవయ్యో..."

సఫూరా చటుక్కున ఓ చెట్టు చాటుకి తప్పుకుంది.

"కనపడుతున్నావులే... ఎంతసేపు దాక్కుంటావ్?"

కోటిరత్నం గొంతే! సఫూరా చదువుతున్న దువా సగంలో ఆగిపోయింది. పరిగెడితే తోపు పోతుంది. నిలబడితే ప్రాణమే పోయేలా ఉంది.

ఉన్నట్టుండి ఓ ఆలోచన తట్టింది. 'ఏవయ్యో' అని ఏ ఆడదైనా ఎవర్ని పిలుస్తుంది? మొగుణ్ణేగా! ఊళ్లో మగాళ్లంతా తమనే అనుకుని పంచెలూడేలా పరిగెత్తారన్నమాట.

పళ్లు బిగబట్టి ముందుకే అడుగేసింది.

కంప వెనక ఎవరో కూర్చుని ఉన్నారు... బుల్లయ్య. కోటిరత్నం మొగుడు! ఒళ్లో మైకు — గొంతు రికార్డు చేసి, చేలో అడవిపందుల్ని బెదరగొట్టడానికి మోగించేది.

"నువ్వా బాబాయ్!"

"మెల్లగా అమ్మాయ్" గుసగుసలాడాడు. "దీన్లోకి 'హోయ్ హోయ్' అని అరవ్వే అంటే మీ పిన్ని అరవలేదు. గడ్డివామి చాటునుంచి దొంగతనంగా రికార్డు చేయబోతే నన్ను పట్టేసుకుంది. ఆ మాటలే దీన్లో పడ్డాయి."

"పందులు పారిపోయాయా?"

"ఓ వారం. తర్వాత నాలాగే అలవాటుపడ్డాయి."

"కోతలైపోయాయిగా, ఇంకా మైకెందుకు?"

బుల్లయ్య కండువా కొసతో మైకు మీద దుమ్ము తుడిచాడు.

సఫూరా కెమెరా సరిచేసుకుంది. "అయిదు నిమిషాలు ఆపవా? నక్క ఫొటో లేకపోతే రేపు ఈ తోపుండదు."

మీట నొక్కాడు. తోపంతా సద్దుమణిగింది. కాసేపటికి కంపలోంచి ఓ నక్క మూతి బయటికొచ్చింది... వెనకే రెండు పిల్లలు. క్లిక్!

"నక్కతోక తొక్కావు పో" అన్నాడు బుల్లయ్య.

అప్పుడు... కుంట అవతల నుంచి —

"ఏవయ్యో! అన్నం చల్లారిపోతోంది..."

నక్క చెవైనా కదపలేదు. సఫూరా మాత్రం చటుక్కున మైకు వంక చూసింది.

"బాబాయ్... ఆపేశావుగా?"

బుల్లయ్య కండువా దులిపి భుజాన వేసుకుని, లేచాడు.

"మైకునే ఆపానమ్మాయ్. ఆవిణ్ణి ఆపడం నా వల్ల ఎప్పుడైంది?"