ఆదివారం పెళ్ళికొడుకు

ఆ ఆదివారంతో నీరజకు ఏడు పెళ్ళిళ్ళయ్యాయి. ఏడింటికీ పెళ్ళికొడుకు ఒక్కడే. ఆ ఒక్కడు జీవన్ కాదు.

జీవన్ బాధంతా అదే.

కోదాడ దాటి విజయవాడ రోడ్డెక్కగానే ఎడమచేతి వైపు ఒక హోటల్ కనబడుతుంది. పేరు ‘బిడారు’. గోడలుండవు, గుడారాలుంటాయి. వాకిట్లో ఫైబర్ ఎడ్లు, వాటి వీపుల మీద ఉప్పు బస్తాలు. రెండు వందల ఏళ్ళ కింద ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ దేశం తిరిగిన లంబాడీలు ఎట్లా బతికారో, ఏం తిన్నారో అక్కడ చూపిస్తారట. కిందే కూర్చుని తినాలి. ఇత్తడి పళ్ళెం, జొన్నరొట్టె, మేకమాంసం, చివర్లో గోధుమరవ్వా బెల్లమూ కలిపి వండిన లాప్సి. చెంచాలుండవు. కరెంటు దీపాలుండవు. ఏసీ మాత్రం ఉంటుంది. ఆ కాలంలో గుడారానికి ఏసీ ఎక్కడిదని ఎవరూ అడగరు. చెమట పట్టే చరిత్ర ఎవరిక్కావాలి?

హోటల్ మిర్యాలగూడ రైసుమిల్లుల మల్లికార్జున్‌ది. చూసుకునేది కొడుకు శ్రీధర్. అక్కడ పనిచేసేవాళ్ళకు సొంత పేర్లుండవు. లోపలికి అడుగుపెడితే బ్యాడ్జీ మీద ఉన్న పాతకాలం పేరే పేరు. నీరజ అక్కడ ‘హంసి’. అద్దాల రవికె, కుచ్చుల ఫేటియా లంగా కట్టుకుని వడ్డిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వడ్డించదు. ఆరోజు ఆమె పెళ్ళికూతురు. జనం రొట్టె తుంచుకుంటూ ఉంటే వాళ్ళ ముందర డప్పు మోగుతుంది. తలపాగా చుట్టిన ‘భీమా’ అనేవాడు ఆమె చెయ్యి పట్టుకుని, లంబాడీ పెళ్ళి పద్ధతిలో నిలబెట్టిన రెండు రోకళ్ళ చుట్టూ ఏడుసార్లు తిరుగుతాడు. జనం ఫోన్లు పైకెత్తుతారు.

ఆ ఫోన్లలో పడ్డవన్నీ తిరిగి తిరిగి జీవన్ ఫోన్లో పడుతున్నాయి.

జీవన్ దామరచర్ల కరెంటు ప్లాంటులో బూడిద నింపుకుని మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీకి తోలే ట్యాంకర్ డ్రైవరు. రెండేళ్ళ కింద ఒక వానరోజు మిర్యాలగూడ బస్టాండు పక్కన టీ తాగుతుంటే, తడవకుండా చూరు కిందికి వచ్చిన ఒక పిల్ల అతని తల వైపే చూసి నవ్వింది.

"ఓ డ్రైవర్ సాబ్! నెత్తిమీద బూడిద తడిసింది. జల్ది కడుక్కో, గట్టిపడితే సుత్తె పెట్టి కొట్టాల్సొస్తది."

ఆ వాన ఆగింది. అతను మాత్రం అక్కడే ఆగిపోయాడు.

ఈమధ్య మేళ్లచెరువులో లోడు దింపే క్యూలో నిలబడితే చాలు, పక్క ట్యాంకర్ ముత్తయ్య కిటికీలోంచి తల బయటపెడుతున్నాడు.

"ఏందిర జీవన్, మీ పిల్ల పెండ్లి వీడియో లక్షమంది సూసిన్రట. నీకు పిలుపు రాలేదా?"

జీవన్ అద్దం ఎక్కించుకుని ఆ వీడియోనే చూస్తాడు. కింద రాసిన మాటలు చదువుతాడు. ‘జోడీ అదిరింది.’ ‘వీళ్ళకు నిజంగా పెళ్ళి చేసేయండి.’ ఒకనాడు ఉండబట్టలేక ‘నిజం చెప్పేటోడు’ అని దొంగ పేరు పెట్టుకుని తనూ రాశాడు: ‘పెళ్ళికొడుకు పొట్టిగున్నడు. మార్చండి.’ ఆరడుగుల మనిషిని పట్టుకుని!

పది నిమిషాలకు నీరజ ఫోన్.

"నిజం చెప్పేటోడా, తిన్నవా?"

జీవన్ సిగ్గును కోపంలో కలిపేశాడు. మగవాళ్ళకు ఈ వంట బాగా వచ్చు.

"వాడెవడు?"

"నాతోని పనిజేసేటోడు."

"చెయ్యి పట్టుకున్నడు."

"పెండ్లిల చెయ్యి పట్టుకోక చెవు పట్టుకుంటరా?"

"నవ్వినవ్ వాన్ని సూసి."

"ఏడ్సుకుంట కూసుంటే జనం వస్తరా? నా డ్యూటీ అది. నువ్వు బూడిద తోల్తవ్, నేను పెండ్లి జేసుకుంట. నీకు బూడిదంటే పానమా ఏంది?"

"మాటలు ఒద్దు నీరజా. ఆ పని ఇడిసిపెట్టు. ఇడిసిపెడితెనే దాదిని మీ ఇంటికి తోలుకొస్త."

దాది అంటే జీవన్ నాయనమ్మ రంగి. వాళ్ళింట్లో పిల్లనడగడానికి కదలాల్సింది ఆమే. జీవన్ తండ్రి దస్రు ఆమె మాట దాటడు. నీరజ భూక్యా వాళ్ళ పిల్లని, తమతో వరస కుదురుతుందని ఆమె ముందే ఆరా తీసింది. దాది వస్తుందనే నీరజ తన యాడికి, అంటే తల్లి చంద్రమ్మకు చెప్పి, వచ్చిన రెండు సంబంధాలను ఆపించింది.

"తోలుకురాకు," అంది నీరజ. ఫోన్ పెట్టేసింది.

పది రోజులు గడిచాయి. ఆమె చెయ్యలేదు, ఇతను చెయ్యలేదు. ప్రేమించినవాడికి అనుమానపడటమే ఉద్యోగమైతే దానికి జీతముండదు, సెలవూ ఉండదు. రెండుసార్లు ‘బిడారు’ గేటు బయట ట్యాంకర్ ఆపి, ఆ భీమా అనేవాణ్ణి గుడ్లురిమి చూసి పోయాడు. పదకొండోరోజు ఒక ఆలోచన వచ్చింది. దాదినే అక్కడికి తీసుకుపోతే? తన కళ్ళతో చూస్తుంది, మండిపడుతుంది. దాది కోపానికి నీరజ తల వంచుతుంది. మనసిచ్చిన పిల్లను గెలవడం చేతగానివాడికి ఓడించాలనే బుద్ధి పుడుతుంది.

"మంచి బువ్వ పెట్టిస్త దాదీ, పా," అని ఆదివారం బస్సెక్కించాడు.

రంగి డెబ్భై ఏళ్ళుగా కట్టుకునే బట్టలే కట్టుకుని వచ్చింది. ఫేటియా, అద్దాల రవికె, మోచేతులదాకా తెల్ల గాజులు. గుడారంలో అడుగుపెట్టగానే ఇద్దరు ఆడపిల్లలు ఆమెకు చెరోపక్క నిలబడి సెల్ఫీ దిగారు. ఒకావిడ ఖాళీ చెంబు చేతికిచ్చింది.

"అవ్వా, మంచినీళ్ళు."

"నువ్వే తెచ్చుకో బిడ్డా. నేను సుత తిననీకే వచ్చిన," అంది రంగి, చెంబు తిరిగి ఆమె ఒళ్ళో పెడుతూ.

రొట్టె వచ్చింది. రంగి తుంచి, నమిలి, మొహం పెట్టింది. "మందమున్నది. మా అత్త ఉంటే దీన్ని జేసిన పోరికి పొయ్యికాడ మల్ల పాఠం జెప్తుండె." మాంసం మాత్రం రెండుసార్లు వేయించుకుంది.

డప్పు మోగింది. నీరజ గుడారం వెనకనుంచి వచ్చింది. ముసుగు అంచులోంచి జీవన్‌ను చూసింది, పక్కన దాదిని చూసింది. ఒక్క అడుగు తడబడింది. ఎందుకు తీసుకొచ్చాడో అర్థమైపోయినట్టుంది. తల ఇంకాస్త పైకెత్తి వచ్చి చాప మీద కూర్చుంది. భీమా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

జీవన్ పళ్ళెంలో రొట్టె పొడిపొడి అయింది.

"సూడు దాదీ, సూడు," అన్నాడు.

దాది చూస్తూనే ఉంది. ముచ్చటపడుతూ ఉంది కూడా. పెద్ద వయసు లంబాడీ ఆడమనిషికి కొత్త పిల్లగాడు కనబడితే రెండు ప్రశ్నలు అడక్కుండా ఉండలేదు. తండా ఏది? ఇంటిపేరేంది? అంతమందిలో గొంతెత్తి తండా భాషలో అవే అడిగింది.

భీమా శ్రీధర్ వైపు చూశాడు. సొంత పేరు చెప్పకూడదు, అది హోటల్ రూలు. కాని అడిగింది ఆ గాజుల చేతుల మనిషి.

"మానుకోట దిక్కు దాదీ. భూక్యా సాయి."

నోటిదాకా వెళ్ళిన లాప్సి ముద్ద పళ్ళెంలోకి తిరిగొచ్చింది. రంగి లేచి నిలబడింది.

"ఆపుర్రి!"

డప్పు ఆగింది.

"ఆ పిల్ల భూక్యా, ఈ పిల్లగాడు భూక్యా! ఒక్కటే ఇంటిపేరు. అన్నాచెల్లెండ్లకు పెండ్లి జేసుకుంట రొట్టెలు తింటున్నరా మీరు?"

గుడారమంతా చప్పట్లు. "ట్విస్ట్ బాగుందండీ," అన్నాడొక కళ్ళద్దాలాయన. ఇదీ షోలో భాగమే అనుకున్నారు పాపం.

శ్రీధర్ పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, ఇది ఉత్త షో. నిజం పెండ్లి గాదు."

"ఉత్తదేనా? అయితే మీ ఇండ్లల్ల అన్నాచెల్లెండ్లను కూసోబెట్టు నాయనా. నేను సప్పుడు జెయ్యకుంట సూస్త."

షావుకార్ల ఇళ్ళల్లో గోత్రం పట్టింపు తక్కువదేం కాదు. శ్రీధర్ రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది అవ్వా. నేను ఇంటిపేర్లు సూడలే. ఎత్తు సూసి పెట్టిన."

సాయి వచ్చి రంగి కాళ్ళకు మొక్కాడు. "మాకు ఎరికే దాదీ. ఆటనే గదా అనుకున్నం. ఇంటికాడ మాత్రం చెప్పలే."

అన్ని వారాల మంటా ఒక్క ఇంటిపేరుతో చల్లారింది. జీవన్‌కు గాల్లో తేలుతున్నట్టుంది. సాయిని పట్టుకుని గట్టిగా కావలించుకున్నాడు.

"బావా! ముందే చెప్పొద్దా?"

"నువ్వు అడిగితివా? గేటు బయట నిలబడి సూస్తుంటివి. ఎప్పుడు కొడ్తవో అని నేను ఎనుక గేటునుంచి పోవుడు మొదలుపెట్టిన."

నవ్వుకుంటూనే జీవన్ వెనక్కి, చేతులు కడుక్కునే చోటికి పోయాడు. అక్కడ నీరజ గాజులు ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెడుతోంది. మబ్బు పట్టి ఉంది. పెద్దపెద్ద చినుకులు రేకుల మీద టప్పుమంటున్నాయి.

"ఒక్క మాట జెప్తే ఐపోతుండె గదనే! ఇన్ని వారాలు నన్ను సంపినవ్."

ఆమె నవ్వలేదు.

"ఇప్పుడు నమ్మకం కుదిరిందా?"

"కుదిరింది."

"ఎవల మీద? నా మీదనా, భూక్యా మీదనా?"

జీవన్ నవ్వు మొహం మీదే నిలిచిపోయింది.

"వాడు అన్న వరస అయిండు కాబట్టి నేను మంచిదాన్నైన. కాకపోతే? దాదిని ఎందుకు తెచ్చినవో నాకు తెల్వదా? నలుగుర్ల నన్ను తిట్టిస్తవనే గదా. రేపు ఇంకొకడు కూసుంటడు. వాని ఇంటిపేరు వేరే ఉంటది. అప్పుడేం జేస్తవ్ జీవన్? ఎవల్ని తోలుకొస్తవ్?"

రేకుల మీద వాన ఒకటే మోత.

ఆలోచించుకునే టైము కూడా దొరకలేదు. శ్రీధర్ గొడుగేసుకుని వచ్చాడు. వెనక రంగి, ఆమె వెనక ఒక కొత్త కుర్రాడు.

"హంసీ, మూడింటికి సూర్యాపేటనుంచి బస్సునిండా జనం వస్తున్నరు. పెండ్లి సూస్తమనే బుక్ చేసుకున్నరు. మన వంటకాడ జేసే పిల్లగాడు కూసుంటడట."

కుర్రాడు పొయ్యి దగ్గరనుంచి వచ్చినా ఇప్పుడే స్నానం చేసినట్టున్నాడు. ఉంగరాల జుట్టు. నవ్వితే బుగ్గ మీద సొట్ట.

"ఇంటిపేరేంది?" అంది రంగి.

"గుగులోతు, దాదీ."

"అట్ల జెప్పు! గిది కుదిరింది. కూసో నాయనా, మంచిగ కూసో."

జీవన్‌కు మంట మళ్ళీ అంటుకుంది. ఈసారి ఆర్పడానికి వరస లేదు. అన్న కాదు, తమ్ముడు కాదు. దాదే దగ్గరుండి జోడీ కుదిర్చింది.

అతని మొహం చూసి శ్రీధర్ ఆగాడు. వ్యాపారం చేసేవాళ్ళు మొహాలు బాగా చదువుతారు.

"తమ్మీ, నువ్వే కూసుంటవా ఏంది? డ్రెస్ ఉంది. ఈ ఆదివారమే కాదు, ప్రతి ఆదివారం నువ్వే."

ఇన్ని వారాలుగా జీవన్ కలలో కూడా అడగనిది ఎదురొచ్చి నిలబడింది. ‘కూసుంట’ అనే మాట నోటిదాకా వచ్చేసింది కూడా. నీరజ తల తిప్పకుండా గాజులు మళ్ళీ తొడుక్కుంటోంది. ఒక గాజు మణికట్టు దగ్గర ఆగిపోయింది.

"ఒద్దు సార్," అన్నాడు జీవన్. "నాకు లోడు ఉంటది ఆదివారం. ఎవల్ని కూసోబెట్టుకుంటరో మీ ఇష్టం. అది ఆమె పని."

శ్రీధర్ కుర్రాణ్ణి తీసుకుని పోయాడు. తలపాగా చుట్టాలి, టైము లేదు. రంగి చూరు కింద గట్టు మీద కూర్చుంది.

"నిజం చెప్పు," అంది నీరజ మెల్లగా. "కూసోవాలని లేకుండెనా?"

"ఉండె. మస్తుగ ఉండె."

"మరి?"

"కూసుంటే నీ పక్కన కూసున్ననో, నీకు కాపలా కూసున్ననో నాకే తెల్వదు."

నీరజ అతన్ని చూసింది. ఇన్ని రోజుల తర్వాత, మనిషిని మనిషిలా చూసింది.

"మంటగుందా?"

"బగ్గున మండుతున్నది."

"మండనీ. నోరు మూసుకొని మండు."

ఆ మాట అని, పోయి రంగి ముందర ముసుగు సర్దుకుని నిలబడింది. "దాదీ, బుధవారం మా యాడి ఇంటికాడ్నే ఉంటది."

రంగి ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎందుకు రావాలో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. "బుధవారం పొద్దుగాల్నే వస్త బిడ్డా. నువ్వు మాత్రం రొట్టె పల్చగ చెయ్యి."

"ఆ రొట్టె నేను జెయ్యలే దాదీ!"

మూడింటికి బస్సు వచ్చింది. డప్పు మోగింది. జీవన్ వెళ్ళిపోలేదు. దాది పక్కన కిందే కూర్చున్నాడు. గుగులోతు కుర్రాడు సొట్టబుగ్గతో నవ్వి నీరజ చెయ్యి పట్టుకున్నాడు. ఒక చుట్టు. రెండు చుట్లు. జీవన్ రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. చల్లారిన రొట్టె, నమలడానికి చాలాసేపు పట్టింది. ఏడో చుట్టు అయింది. సూర్యాపేట జనమంతా చప్పట్లు కొట్టారు, ఫోన్లు దింపారు, మళ్ళీ పళ్ళేల మీద పడ్డారు.

అందరి చప్పట్లూ ఆగిపోయాక, వెనక వరసలోంచి ఒక్క మనిషి చప్పట్లు వినబడ్డాయి. నిదానంగా, పళ్ళు బిగపట్టుకుని కొడుతున్నట్టు.

చాప మీద పెళ్ళికూతురు ముసుగు మొహం మీదికి లాక్కుంది. భుజాలు కదిలిపోతున్నాయి. పాతకాలం పెళ్ళికూతురు ఏడుస్తోందని హోటల్ గైడు జనానికి చెప్పాడు. ఆమె ఆపుకోలేక నవ్వుతోంది.