మూడో ఛాంబర్‌లో రెండో చుక్క

గుంటూరు శివారులోని ఆ కోల్డ్ స్టోరేజీలో మధ్యాహ్నం భోజనాల వేళ. హమాలీలు షెడ్డు నీడన క్యారేజీలు విప్పుకున్నారు. కంట్రోల్ రూమ్‌లో నస్రత్ ఒక్కతే తెర ముందు కూర్చుంది. ఆ స్టోరేజీ మొత్తానికీ కొత్తగా మార్చిన కరెంటు డిజైన్ ఆమెదే. ఏ వైరు ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుందో నెలల తరబడి గీసింది. ఇవాళ అన్నీ నడిపి చూపించి అప్పగించాలి.

ఛాంబర్లకు కిటికీలుండవు. మిరప బస్తాలు, ఇక్కడి మాటలో టిక్కీలు, కప్పు దాకా పేర్చిన ఆ చీకట్లో, మనిషి ఒంటి వేడిని పసిగట్టి నెత్తిమీది లైటు దానంతటదే వెలుగుతుంది. మనిషి దాటిపోతే ఆరిపోతుంది. సెన్సరు ఎక్కడ మనిషిని పసిగడితే ఇక్కడ తెర మీద అక్కడ పచ్చచుక్క పడుతుంది.

అక్కడి ఎలక్ట్రీషియన్ బాపయ్య తలకు తువ్వాలు చుట్టుకుని, వాకీటాకీ పట్టుకుని మూడో ఛాంబర్‌లోకి వెళ్లాడు. అతని చుక్క నడవా పొడుగునా సాగి గోడ దగ్గర ఆగింది.

"చివరికొచ్చేశానమ్మా. అన్ని లైట్లూ బాగానే ఉన్నాయి. అబ్బ, ఏం చలి తల్లీ!"

"ఇక వచ్చేయండి బాపయ్య గారూ."

అప్పుడే తలుపు దగ్గర ఇంకో చుక్క పడింది.

"మీ వెనక ఎవరైనా వచ్చారాండీ?"

"లేదే. తలుపు నేనే వేసుకొచ్చాను. అటంతా చీకటిగానే ఉంది."

సెన్సరు తేడా చేసిందనుకుంది నస్రత్. ఆ చుక్క ఆరింది. దాని పక్కది వెలిగింది. తర్వాత ఆ పక్కది... సెన్సరు చెడితే ఉన్నచోటే వెలుగుతుంది. ఇలా నడవదు.

ఆమె అన్ని లైట్లూ వెలిగే బటన్ నొక్కింది.

"వెలిగాయాండీ?"

"ఏదీ వెలగలేదమ్మా..." అతని గొంతు తగ్గింది. "నా నెత్తిమీదిది కూడా ఆరిపోయింది."

తెర మీద మాత్రం ఆ చుక్క సాగుతూనే ఉంది. తొందర లేదు. సగం నడవా దాటింది.

"బాపయ్య గారూ, గోడకి ఆనుకుని నిలబడండి. కదలొద్దు."

"ఎవరో... ఘాటుకి దగ్గుతున్నారమ్మా."

రెండు చుక్కలూ పక్కపక్కకు వచ్చాయి. వాకీటాకీలో గరగర. ఆ తర్వాత బాపయ్య నవ్వు, ప్రాణం లేచొచ్చినట్టు.

"అమ్మయ్య... నువ్వా తల్లీ! దడుచుకు చచ్చాననుకో."

నస్రత్ తన వాకీటాకీ బటన్ నొక్కింది. "నేను కాదండీ! నేనిక్కడే ఉన్నాను!"

మాట పోలేదు. అవతల బాపయ్య బటన్ నొక్కే ఉంచాడు. అతను వదిలితే గానీ ఈమె గొంతు అతనికి చేరదు.

"చేతులేంటమ్మా ఇంత చల్లగా ఉన్నాయి? పద... అటెందుకు? తలుపు ఇటు కదా..."

నస్రత్ అరుచుకుంటూ బయటికి పరుగెత్తింది. హమాలీలు అన్నం వదిలేసి వచ్చి తలుపు తోశారు. టార్చి వెలుగులో, ఆ చివర, బాపయ్య టిక్కీలకు ఆనుకుని కూర్చున్నాడు. ఊపిరి ఉంది. కుడిచేతి వేళ్లు మరో చేతిని పట్టుకున్నట్టు బిగుసుకుని ఉన్నాయి. మోసుకొచ్చి ఎండలో పడుకోబెట్టారు. ఎవరో తలుపు మూసేశారు.

హమాలీల మేస్త్రీ వీరబాబు నీళ్లు తెచ్చి బాపయ్య మొహాన చల్లితే అతను కళ్లు తెరిచాడు.

"నస్రతమ్మ ఏదిరా?"

"ఇదిగో, నీ పక్కనే ఉందిగా బాబాయ్!"

బాపయ్య ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. మెల్లగా వెనక్కి జరిగాడు.

"ఈమె ఎవర్రా?"

"నేనేనండీ... బాపయ్య గారూ..."

అతను వినలేదు. వీరబాబు చొక్కా పట్టుకుని ఏడ్చాడు. "ఆ పిల్ల లోపలే ఉండిపోయింది. చలికి వణికిపోతోందిరా. తలుపు తియ్యండ్రా..."

ఎవరూ కదల్లేదు. అందరూ నస్రత్ వంక చూశారు. ఆమె తలుపు దాకా వెళ్లి, తియ్యకుండానే వెనక్కి వచ్చింది. అంబులెన్స్ ఎక్కించేదాకా అతను అదే మాట అంటూనే ఉన్నాడు.

సాయంత్రం నస్రత్ షేర్ ఆటోలో ఇంటికి బయల్దేరింది. మిర్చి యార్డు ముందు లారీలు అడ్డం పడి ఆటో ఆగిపోయింది. లోపల బస్తాలు దులుపుతున్నారేమో, ఎర్రటి దుమ్ము రోడ్డు మీదికి కమ్ముకొచ్చింది. డ్రైవరు ఆగకుండా తుమ్ముతున్నాడు. పక్కనున్న పెద్దావిడ కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నస్రత్ వైపు వింతగా చూసింది.

"నీకు ఘాటు తగల్లేదా అమ్మాయ్?"

నస్రత్ గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్లీ పీల్చింది...

ఏ వాసనా రాలేదు. దగ్గు కూడా రాలేదు.