ఐన్ ఖాలిద్ క్లబ్బులో మాయమైన గడియారాలు

శుక్రవారం పొద్దున హాలు తలుపు తీసేసరికి బల్లలు, బోర్డులు, పావులు ఎక్కడివక్కడే ఉన్నాయి. చెస్ గడియారాలు మాత్రం లేవు. పన్నెండింటిలో ఒక్కటి కూడా లేదు.

గడియారాలు లేకపోతే పోటీ జరగదు. పోటీ జరగకపోతే జనం ఇళ్ళకు పోతారు. జనం లేకపోతే సాయంత్రం సభ్యుల మీటింగు జరగదు. ఆ మీటింగులో ప్రెసిడెంటు సుధాకరరావు మీద అవిశ్వాస తీర్మానం ఉంది.

ఈ క్లబ్బును నడిపే ఖతార్ ప్రవాస భారతీయ చెస్ సమాఖ్యకు ఆయన 1988 నుంచి ప్రెసిడెంటు. ఇప్పుడు 1996. ఈ మధ్యలో ఎన్నికలంటే ఏమిటో ఎవరూ చూడలేదు. జట్టు నిండా ఆయన తోటి ఇంజనీర్లే. లేబర్ క్యాంపుల్లో ఎంత బాగా ఆడేవాళ్ళున్నా సభ్యత్వం ఇవ్వరు. ఇదేం న్యాయమని తీర్మానం పెట్టినవాడు సెక్రటరీ సిద్ధార్థ్.

తాళం పగలలేదు. తాళంచెవులు రెండే. ఒకటి సుధాకరరావుది, ఒకటి సిద్ధార్థ్‌ది. నిన్న సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా సుధాకరరావు కంపెనీ పార్టీలో ఉన్నాడు. ఆయన్ని యాభైమంది చూశారు.

"నాకు క్లబ్బు నడపడం చేతకాదని చూపించడానికి వీడే తీశాడు," అన్నాడు సుధాకరరావు. నాలుగింటికి పోలీసుల దగ్గరికి వెళ్తానన్నాడు.

దొంగతనం కేసంటే వీసా ఇచ్చిన స్పాన్సర్ ఊరుకోడు. ఉద్యోగం పోతుంది, విమానం ఎక్కిస్తారు. సిద్ధార్థ్ భార్య తన్మయి ఫ్యామిలీ వీసా మీద వచ్చి నెల కూడా కాలేదు. అతను గోడవారన కుర్చీలో కూర్చుని నేల చూస్తున్నాడు. నిన్నటిదాకా అతని వెనక తిరిగిన సభ్యులు ఇవాళ అతని పక్క కుర్చీ ఖాళీగా వదిలేశారు.

పోలీసులకంటే ముందు ముజఫ్ఫర్ అలీని పిలుద్దామని మాత్రం పట్టుబట్టారు. హైదరాబాదు సీఐడీలో రిటైరై, దోహాలో ఒక హోటల్ సెక్యూరిటీ చూసుకుంటున్న మనిషి. నోరు తక్కువ, కళ్ళు ఎక్కువ.

సుధాకరరావు ఆయన్ని హాలంతా తిప్పి చూపించాడు. మాట్లాడుతూనే చివరి బల్ల దగ్గర ఆగి, నల్ల రాజునూ నల్ల మంత్రినీ అటూ ఇటూ మార్చి పెట్టాడు. ప్రెసిడెంటు గారికి ఏదైనా కాస్త వంకరగా ఉంటే తోచదు.

ముజఫ్ఫర్ ఆ బల్ల ముందు కాసేపు నిలబడ్డాడు. ఒక నల్ల బంటు తక్కువైంది. వంగి చూస్తే బల్ల కింద దొరికింది. దాన్ని జేబులో వేసుకుని సిద్ధార్థ్ దగ్గరికి వచ్చాడు.

"బోర్డులు ఎవరు పెట్టిన్రు?"

"నేనే సార్. నిన్న సాయంత్రం."

"అన్నీ?"

"అన్నీ. తాళం వేసేముందు ఒక్కో బోర్డూ చూసుకున్నాను."

"పొద్దుగాల తలుపు ఎవరు తీసిన్రు?"

"ప్రెసిడెంటు గారు. లోపలికి ముందు వెళ్ళిందీ ఆయనే."

మధ్యాహ్నం సుధాకరరావు భార్య అరుంధతి పులిహోర క్యారియర్లతో వచ్చింది. పోటీ రోజున అందరికీ ఆవిడ చేతి భోజనమే. పోటీ ఆగిపోయిందని విన్నా ఆవిడ క్యారియర్లు విప్పడం ఆపలేదు. దొంగ సిద్ధార్థ్ అట అని ఎవరో చెప్పగానే చేతిలో గరిటె జారిపోయింది. అతని ప్లేటులో వడ్డిస్తుంటే సగం మెతుకులు నేలపాలయ్యాయి. ముజఫ్ఫర్ తినడం ఆపి ఆవిడ చేతులే చూశాడు.

మూడింటికి అందరినీ చివరి బల్ల చుట్టూ నిలబెట్టాడు. బోర్డు మీది పావులన్నీ ఒకపక్కకు తోశాడు.

"అమ్మా, మీకు చదరంగం వస్తదని విన్న. జర పావులు పెట్టున్రి."

అరుంధతి బోర్డు వంక చూసింది. ఎందుకు అడిగాడో ఆవిడకు అర్థమైంది. కాదనవచ్చు, రాదనవచ్చు. కానీ కూర్చుంది. ఏనుగులు, గుర్రాలు, శకట్లు, బంట్లు పెట్టింది. తెల్ల రాజుకు ఎదురుగా నల్ల మంత్రిని, తెల్ల మంత్రికి ఎదురుగా నల్ల రాజును పెట్టింది.

ముజఫ్ఫర్ జేబులోంచి బంటు తీసి, మిగిలిన ఖాళీలో పెట్టాడు.

"మా దాదా గిట్లనే పెట్టేటోడు. ఇంటి చదరంగం, పాత పద్ధతి. టోర్నమెంట్లల్ల రాజుకు ఎదురు రాజే ఉంటడు. సిద్ధార్థ్‌ను నిద్రల లేపి పెట్టమన్నా గిట్ల పెట్టడు. గడియారాలు తీసేటప్పుడు ఈ బల్ల మీది పావులు పడిపోయినయి. తీసినోళ్ళు మళ్ళ పెట్టిన్రు, తమకు వచ్చిన తీరుగ. ఒక బంటు మాత్రం కింద ఉండిపోయింది."

"నేనే తీశాను," అంది అరుంధతి. భర్త పార్టీకి వెళ్ళాక, ఇంట్లో ఉన్న ఆయన తాళంచెవి పట్టుకుని టాక్సీలో వచ్చిందట. గడియారాలు అల్ ఘర్రాఫాలో, తమ ఇంట్లో, సూట్‌కేసులో ఉన్నాయట. "ఓడిపోతే ఈయన తట్టుకోలేరనుకున్నాను. ఇవాళ్టికి మీటింగు తప్పితే చాలనుకున్నాను. నీ మీదికి వస్తుందని తోచలేదు నాయనా. నాది పాపమే." సిద్ధార్థ్‌కు చేతులు జోడించింది.

ముజఫ్ఫర్ ఆవిడ వంక చూడటం లేదు.

"పొద్దుగాల ఈ బల్ల మీద రాజును, మంత్రిని మార్చి సక్కగ పెట్టింది మీరే కద, సార్?"

సుధాకరరావు నల్ల రాజు మీంచి చూపు తిప్పుకున్నాడు.

అరుంధతి మెల్లగా భర్త వైపు తిరిగింది. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఇలా పావులు పెడితే, పల్లెటూరి చదరంగమని ఎగతాళి చేసినవాడు ఆయన. పొద్దున ఆ పావులు చూడగానే, పెట్టిన చెయ్యి ఎవరిదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మీకు పొద్దున్నే తెలుసా?" అంది. "తెలిసీ ఈ అబ్బాయిని పోలీసులకు ఇస్తానన్నారా?"

"నీ పేరు బయటికి రాకూడదని..."

"నా పేరు కోసమైతే గడియారాలు దొరికాయని చెప్పేవారు. నేను చేసిన దొంగతనం నేను ఒప్పుకున్నాను. మీది మీరు చెప్పండి."

ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. తెలుసు అన్నాడు. సిద్ధార్థ్ పోతే తీర్మానం కూడా పోతుందని అనుకున్నానన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన మొహం నల్లబడిపోయింది.

కేకలు వేయడానికని వచ్చిన సభ్యుల్లో ఒక్కరూ కేక వేయలేదు. పొద్దుట్నుంచి వాళ్ళు నమ్మింది కూడా సిద్ధార్థ్ దొంగ అనే. అతని పక్క కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఇప్పుడు పోయి కూర్చోవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

రాజీనామా చేస్తానన్నాడు సుధాకరరావు.

"అది తర్వాత, సార్," అన్నాడు సిద్ధార్థ్. "ముందు మా ఇంటికి ఫోన్ చేసి మీరే చెప్పండి. విషయం తెలిసినప్పట్నుంచి తన్మయి పెట్టెలు సర్దుతోంది."

సుధాకరరావు మూలన ఉన్న ఫోన్ దగ్గరికి నడిచాడు. సిద్ధార్థ్ నంబరు చెప్పాడు. అటువైపు వెంటనే ఎత్తారు.

"అమ్మా, నేను సుధాకరరావును," అన్నాడు ఆయన. "పెట్టెలు సర్దడం ఆపమ్మా, మీ ఆయన దొంగ కాదు, అది తెలిసీ ఆ మాట అన్నది నేనే."