దిండు విప్పిన పొద్దున

అక్షరాలు నాకు ఆలస్యంగా అబ్బాయి. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే మన్నించండి. నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగానే చదవండి.

కింద కొట్టు, పైన ఇల్లు. పొద్దున్నే పరుపులాయన దూది ఏకే మిషన్ వేశాడంటే నూగు మెట్లెక్కి పైకొచ్చి, కిటికీ ఎండలో ఎటు పోవాలో తెలియనట్టు తేలుతూ ఉండేది. ఆ తెల్లటి మసకలో కూర్చుని దిండ్లు కుట్టడం ఆయన భార్యకు ఇష్టం. కలలో కుడుతున్నట్టే ఉండేది.

ఈమధ్య ఇల్లంతా కలలాగే ఉంది. పదహారేళ్ల కూతురు పిట్ట చాలాకాలంగా నిద్ర లేక, గుండెదడతో, కారణం తెలియని ఏడుపుతో వడిలిపోయింది. డాక్టరమ్మ మాత్రలు రాసింది. ఇక ఆ తర్వాత చూడాలి పిల్లని! ఆదమరిచి నిద్రపోతోంది, అడిగి మరీ వడ్డించుకుంటోంది, ఊరికే నవ్వుతోంది. "మందు గుణమిచ్చిందండీ, బంగారంలా ఉంది" అని తల్లి డాక్టరమ్మకి చెప్పి కూడా వచ్చింది.

ఆ పొద్దున పిట్ట స్నానానికి వెళ్లగానే, దాని దిండులో దూది పొంగిద్దామని తల్లి చేతిలోకి తీసుకుంది. ఒక పక్క కుట్టు తనది కాదు. కోడి కెలికినట్టు వంకరటింకరగా ఉంది. విప్పింది. దూదిలోంచి మాత్రల అట్టలు జారాయి. ఒకదాంట్లో రెండు మాత్రలు తప్ప అన్నీ అలాగే ఉన్నాయి. వాటి వెనకే చిన్న పొట్లం, అందులో ఎండాకు. ఆ వాసన ఆమెకి కొత్త కాదు. పిల్ల జుట్టులో వస్తుంటే, వీధి చివర చెత్త కాల్చిన పొగ అనుకునేది.

"ఏమండీ! ఒకసారి పైకి రండి!"

మిషన్ ఆగింది. తడి జుట్టుతో పిట్ట గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏంటే ఇది?"

"గంజాయి."

"ఎంత తేలిగ్గా అంటున్నావే!" పరుపులాయన చెయ్యెత్తాడు. "దూది ఏకినట్టు ఏకేస్తా. ఎవడిచ్చాడు?"

"ఏకు నాన్నా. నీకొచ్చిన పనేగా."

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"మాత్రలేం పాపం చేశాయే తల్లీ?" అంది తల్లి.

"వేసుకున్న రెండు రోజులూ ఒళ్లు తెలియని మగత. చెబుదామనుకున్నా. ఈలోపు ఇది అలవాటైంది, నువ్వేమో బంగారం అన్నావు." పిట్ట తండ్రి వైపు చూసింది. "ఏడ్చినన్నాళ్లూ కొట్లోకి ఎవరొచ్చినా నాన్న 'పైకి పో' అనేవాడు. ఇది తాగాక పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మీకు నచ్చింది నేను కాదమ్మా. ఈ పొగ."

తల్లికి తాను మురిసిపోయిన నవ్వులన్నీ నూగులా కళ్లముందు తేలాయి. పట్టుకోబోతే ఒక్కటీ చేతికి రాలేదు.

"పోనీ, హాయిగా ఉందా ఇప్పుడు?"

పిట్ట తల అడ్డంగా ఊపింది. "మొదట్లో ఉండేది. ఇప్పుడు గోడలోంచి ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తోంది. భయమేస్తోందమ్మా. మానేస్తే మళ్లీ ఆ ఏడుపు పిల్లనే అయిపోతా. అప్పుడు మీరు..."

"అయిపోవే. ఏడుపు పిల్లైతే మాత్రం నా పిల్ల కాదూ?" తల్లి గుండెలకి అదుముకుంది. "పద, డాక్టరమ్మకి అన్నీ చెబుదాం. మగత సంగతీ, ఆకు సంగతీ, గోడ సంగతీ. నేను చెప్పిన బంగారం కబురు కూడా తప్పని చెబుతా."

పిట్ట వెక్కివెక్కి ఏడ్చింది. అంతలో కింద ఎవరో బేరానికి వచ్చారు. "ఏమయ్యా, పాప ఏడుస్తోందేంటి?"

అలవాటుగా పిట్ట లోపలి గది వైపు తిరిగింది. పరుపులాయన భుజం పట్టుకుని ఆపాడు. మెట్ల దగ్గరికి తెచ్చి, కిందికి వంగి చెప్పాడు:

"మా అమ్మాయికి మనసు బాలేదండీ. ఆస్పత్రికి వెళ్తున్నాం. కొట్టు సాయంత్రం తీస్తాను."

తర్వాత తన భుజం మీది తువ్వాలుతో కూతురి కళ్లు తుడిచాడు. దానికంటిన దూదంతా పిల్ల చెంపలకి అతుక్కుంది. అలాగే, తెల్లటి చెంపలతో ఏడుస్తూనే, పిట్ట అమ్మానాన్నల మధ్య అందరూ చూస్తుండగా కొట్టు మెట్లు దిగింది.

— అందరూ పిలిచే పేరు నిదానమ్మ. డెబ్బై రెండేళ్లు. ఇప్పుడు చిన్నమ్మాయి ఇంట్లో, ఎండ బాగా వచ్చే గదిలో ఉంటున్నాను.