మాధురి స్కాన్‌లో మెరిసిన చుక్క

ఒంగోలులో డిటెక్టివ్ నసీమున్నీసా ఆఫీసుకి ఆయాసపడుతూ వచ్చిన కోటేష్, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా ఆవిడ స్కాన్ రిపోర్టు మార్చేశారండీ! ఎవరి రోగమో మాధురికి అంటగట్టారు. సోమవారం అండాశయాలు తీసేస్తారంట. మాకింకా పిల్లల్లేరండీ!"

మాధురికి ముప్పై రెండేళ్లు. రెండేళ్ల కిందట లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కి వైద్యం జరిగి తగ్గింది. పదిహేను రోజుల కిందట గుంటూరులో ఒళ్లంతా పెట్ స్కాన్ తీస్తే పాత చోట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. పొత్తికడుపులో మాత్రం, ఎడమ అండాశయం దగ్గర, కొత్తగా ఓ చుక్క మెరిసింది. క్యాన్సర్ అక్కడికి పాకిందని డాక్టర్ల అనుమానం.

రిపోర్టు మారిపోయిందని అసిస్టెంటు జయపాల్ అప్పుడే తీర్మానించేశాడు. పాపం, అతని తీర్మానాలు ఒక్కటీ ఇంతవరకూ నిలబడలేదు. మేడమ్ మీద భక్తి మాత్రం చెక్కుచెదరలేదు.

మధ్యాహ్నానికి డిటెక్టివ్, అసిస్టెంటు ఇద్దరూ కోటేష్ వెంట అతని ఊరు చేరారు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి జయపాల్ తుమ్ముతూనే ఉన్నాడు.

"స్కాన్‌కి ఎవరు తీసుకెళ్లారు?" అని నసీమున్నీసా అడిగింది.

"నేనేనమ్మా," అన్నాడు మాధురి మామగారు యలమందయ్య. "వీడు కల్లం వదిలి రాలేకపోయాడు. ఫారం నేనే నింపా. ఒక్కో ప్రశ్నా గట్టిగా చదివి, అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాశా."

భోజనాల దగ్గర కోటేష్, "గోంగూర పచ్చడి వెయ్యి మాధురీ," అన్నాడు. ఆమె జాడీ వైపు వెళ్లలేదు.

"మీరే తియ్యండి."

"నీరసం, పాపం," అంటూ అతనే లేచాడు. ఆ వెంటనే మాధురి, కాల్లో స్టీలు రాడ్ ఉండటంతో కాస్త కుంటుతూ, నిండు బిందె చంకన పెట్టుకుని వచ్చింది.

తర్వాత నసీమున్నీసా మాధురితో పెరట్లో పది నిమిషాలు మాట్లాడింది. జయపాల్‌ని రానివ్వలేదు.

మర్నాడు గుంటూరులో, మాధురికి వైద్యం చేస్తున్న డాక్టర్ శ్యామ్ సుందర్ గదిలో అందరినీ కూర్చోబెట్టింది.

"రిపోర్టు మారలేదు. స్కాన్‌లో కాలి రాడ్ చూడండి, అది మాధురిదే. తప్పల్లా ఫారంలో ఒక్క జవాబుది. నెలసరి ఆగిపోయిందని ఉంది."

"అమ్మాయి అలాగే చెప్పిందమ్మా!" అన్నాడు యలమందయ్య.

"నలుగురిలో మామగారు గట్టిగా అడిగితే ఏ కోడలు నోరు విప్పుతుందండీ? నిండు బిందె మోసే మనిషికి పచ్చడి జాడీ బరువా? నెలసరిలో ముట్టుకుంటే పచ్చడి పాడవుతుందని మనవాళ్ల నమ్మకం. నిన్న ఆమెకి రెండో రోజు. తన నోటితోనే ఒప్పుకుంది. నెలసరికి రెండు వారాల ముందు అండం విడుదలవుతుంది. అంటే స్కాన్ తీసింది సరిగ్గా ఆ రోజుల్లో."

మాధురి తల వంచుకుంది. "వైద్యంతో ఆగిపోయింది, మూడు నెలల కిందట మళ్లీ మొదలైంది. ఆ రక్తం చూసి జబ్బే తిరగబెట్టిందనుకున్నా. మీరంతా ఏడుస్తారని చెప్పలేదు."

డాక్టర్ మొహం ఎర్రబడింది. "నెలసరి ఆగినవాళ్లలో ఆ మెరుపుని అనుమానించాల్సిందే. వచ్చేవాళ్లలో ఆ రోజుల్లో మామూలే. నేనే ఇంకోసారి అడగాల్సింది."

అప్పటికప్పుడు అల్ట్రాసౌండ్ తీయించారు. గడ్డ జాడే లేదు. సోమవారం ఆపరేషన్ రద్దు చేసి, నెలన్నర తర్వాత మళ్లీ చూద్దామన్నారు. మేడమ్ తెలివికి జయపాల్ కళ్లు చెమర్చాయి.

మాధురి ఏదో అడగబోయి ఆగింది. యలమందయ్య అది చూసి లేచాడు.

"నేను బయట కూర్చుంటానమ్మా. నువ్వు అడగాల్సినవన్నీ అడుగు," అంటూ తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

"డాక్టర్ గారూ, నాకు పిల్లలు పుడతారా?"

"మాటివ్వలేనమ్మా. ఆశ మాత్రం ఉంది."

మాధురి కోటేష్ చెయ్యి పట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. ఆ ఏడుపు విని కంగారుగా తలుపు తోసిన యలమందయ్యకి, కన్నీళ్లతోనే నవ్వుతున్న కోడలి మొహం కనిపించింది.